సగం విన్న చలికాలం

షోలాపూర్‌లో నేతగాళ్ళుండే భవాని పేటకు కొత్తగా వచ్చిన చుట్టాలు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. కరెంటు పోయినప్పుడు ఇక్కడి మనుషులు మీ పక్కన కూర్చుని ఎంత ఆప్యాయంగా మాట్లాడినా సరే, దాన్ని నమ్ముకుని పెద్ద కథ మొదలుపెట్టకూడదు. కరెంటు వచ్చిందంటే కథ ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది. పెళ్ళి సంబంధం మాటలైనా అంతే, పోయినవాళ్ళను తలుచుకుని ఏడుస్తున్నా అంతే. చేతిలో చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టేసి, చెప్పుల్లో కాళ్ళు కూడా దూర్చకుండా మగ్గాల షెడ్డులోకి పరుగు తీస్తారు. ఇందులో అమర్యాదేమీ లేదు. మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుందని తండ్రుల నాటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు. చుట్టాలే మెల్లగా అలవాటు పడతారు.

ఈ విద్యలో దత్తాత్రిని మించినవాడు పేటలో లేడు. అరవైకి దగ్గర పడిన మనిషి. గుడి మెట్లెక్కాలంటే మోకాళ్ళు పట్టుకుని మూలుగుతాడు. కరెంటు వస్తే మాత్రం ఆ మోకాళ్ళు ఎక్కడికి పోతాయో తెలియదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయనవి నాలుగు మరమగ్గాలు. మూడు తువ్వాళ్ళు నేస్తాయి. నాలుగోది మిగతావాటికన్నా వెడల్పైనది. నెత్తిమీద జకార్డు పెట్టె, దాని పక్కన కన్నాలు పొడిచిన అట్టల దండ, ఆ అట్టలు తిరుగుతూ ఉంటే కింద పూలూ నెమళ్ళూ దిగుతాయి. షోలాపూర్ అనగానే దేశమంతా గుర్తు తెచ్చుకునే మందపాటి చద్దరు ఆ మగ్గం మీదనే పుడుతుంది.

భార్య శారద కాపురానికొచ్చిన కొత్తలోనే మాటలు పొట్టిగా చెప్పడం నేర్చుకుంది. గ్యాస్ అయిపోయింది, అన్నం పెట్టిన, మా అన్న వచ్చిండు. అంతకన్నా పొడుగు మాట ఏదైనా ఉంటే సగంలో తెగిపోతుందని తెలిసి తనలోనే ఉంచుకునేది. వంటింటి గోడకు చెప్పుకున్నా ఇంకొంచెం ఎక్కువసేపు వింటుందని నవ్వుతూ అనేది.

కూతురు ప్రతీక్షకు మాత్రం ఈ పొట్టి మాటలు అబ్బలేదు. పుణెలో వాతావరణం మీద పరిశోధన చేస్తోంది. ఏ సంగతైనా మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఉన్న ‘అయితే’లూ ‘కానీ’లూ ఒక్కటి వదలకుండా చెప్పే పిల్ల. తండ్రికి కూతురంటే ప్రాణం, కూతురికి తండ్రంటే అంతకన్నా ఎక్కువ. కానీ ఇద్దరూ ఒక్క సంభాషణైనా పూర్తి చేసుకున్న దాఖలా లేదు.

ఆ ఏడు దీపావళికి ప్రతీక్ష ఇంటికి వచ్చింది. పండగ అయిపోయిన మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. తండ్రీ కూతుళ్ళు చాయ్ గ్లాసులు పట్టుకుని ముందరి అరుగు మీద కూర్చున్నారు. కార్తీకం వచ్చినా గాలిలో చల్లదనం లేదు. దత్తాత్రి బనీనుతోనే కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

“బిడ్డా, నువ్వు పుణెల చదివేదేంది? హోటల్ల అందరు అడుగుతుండ్రు, నాకు చెప్పరాలే,” అన్నాడు.

ప్రతీక్ష ముఖం విప్పారింది. తండ్రి ఆ మాట అడగడం ఇదే మొదలు.

“సలికాలం గురించి బాపు. ఉత్తర ధ్రువం కాడ సముద్రం మీద మంచు పేరుకొని ఉంటది గద?”

“టీవీల చూసిన. తెల్ల ఎలుగ్గొడ్లు తిరుగుతయి.”

“ఆఁ, అదే. అది ఏటేట తక్కువైతుంది. ఇప్పుడు మన మిద్దె గచ్చి మీద తెల్ల చద్దరొకటి, నల్ల చద్దరొకటి ఆరేసినమనుకో. మద్యాన్నం పోయి చెయ్యి పెడితె ఏది కాలుతది?”

“నల్లది.” దత్తాత్రి తడుముకోలేదు.

“ఆ మంచు తెల్ల చద్దరు. ఎండను వాపసు పంపుతది. అది పోయిన కాడ నల్ల నీళ్ళు బయటపడతయి. ఆ నీళ్ళు ఎండకాలమంత వేడి తాగి, సలికాలంల బయట పెడతయి. అందుకే భూమి మీద కడమ జాగల కంటె అక్కడ మూడు నాలుగింతలు జల్ది వేడెక్కుతుంది.”

“అంటె అక్కడ సలి తగ్గుతుందన్నట్టు.”

“అక్కడ తగ్గుతుంది. కానీ బాపూ, అసలు సంగతి ఇక్కడ్నే ఉన్నది. అక్కడ వేడెక్కితె కింద మన దిక్కు...”

వీధి చివరి షెడ్డులో ఒక మగ్గం టకటకమంది. దాని వెంట ఇంకొకటి అందుకుంది. ప్రతీక్ష తల తిప్పి చూసేసరికి పక్కన చాయ్ గ్లాసు ఉంది, అరుగు కింద చెప్పులు ఉన్నాయి, తండ్రి లేడు. గుమ్మంలో నిలబడిన శారద కూతురి ముఖం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాడు పొద్దున్నే ప్రతీక్ష పుణె బండి ఎక్కింది.

తెగిన పోగు అతుకుతూ దత్తాత్రి ఆలోచనలో పడ్డాడు. కిందటేడు చలి సరిగ్గా పడలేదు. అంతకు ముందటేడూ అంతే. అటక మీద చద్దర్ల మూటలు దుమ్ము పట్టి ఉన్నాయి. దసరా దాటగానే ఫోను చేసి తొందరపెట్టే ఢిల్లీ వ్యాపారి ఈసారి తాను ఫోను చేస్తేనే పలికాడు, అదీ ముక్తసరిగా. ఇన్నాళ్ళూ ఇవన్నీ విడివిడి పోగులు. ఇప్పుడు కూతురి మాటతో ముడి పడింది. మంచు పుట్టిల్లే కరిగిపోతుంటే ఇంక చలి ఎక్కడి నుంచి వస్తుంది? ఇంత చిన్న సంగతి తనకు ముందే తట్టనందుకు ఆశ్చర్యపడ్డాడు.

సాయంత్రం చాయ్ హోటల్లో అందరి ముందూ ప్రకటించాడు. “సలికాలం కథ ఖతం. నేనంటలేను. నా బిడ్డ పుణెల దాని మీదనే చదువుతుంది, ఆమె చెప్పింది.” పూర్తిగా విన్నవాడికి నాలుగు అనుమానాలుంటాయి. సగం విన్నవాడికి ఒక్కటీ ఉండదు. దత్తాత్రి గొంతు ఖంగుమని మోగింది. విన్నవాళ్ళలో సగం మంది తల ఊపారు, మిగతావాళ్ళు ఉక్కపోతకు విసురుకుంటూ అంతేనేమో అనుకున్నారు. రెండు రోజులు తిరక్కుండానే దత్తాత్రి కూతురు చలికాలాన్ని రద్దు చేసిందని పేటంతా చెప్పుకున్నారు.

చెప్పుకోవడంతో ఆగి ఉంటే ఈ కథే లేదు. దత్తాత్రి చద్దరు మగ్గం తీసేయడానికి సిద్ధపడ్డాడు. ఆ జాగాలో తువ్వాళ్ళ మగ్గం పెడితే ఏడాది పొడుగునా ఆడుతుంది. పాత ఇనుము కొనే సుమిత్‌కు కబురు పెట్టాడు. ఇక మిగిలింది నరసయ్యకు చెప్పడం ఒక్కటే.

నరసయ్య దత్తాత్రి తండ్రి కాలం నుంచి ఆ మగ్గం మీదే ఉన్నాడు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి రోజూ సైకిలు మీద వస్తాడు. భార్య ఇంట్లో బీడీలు చుడుతుంది. ప్రతీక్ష చంటిపిల్లగా ఉన్నప్పుడు ఈ షెడ్డు దూలానికే ఉయ్యాల కట్టి, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ రెండో చేత్తో మగ్గం చూసుకున్నవాడు. ఆ పిల్ల ఇప్పటికీ ఆయన్ని తాతా అనే పిలుస్తుంది. తువ్వాళ్ళ మగ్గాల మీద ఒక్క మనిషే రెండు మూడింటి మధ్య రోజంతా తిరుగుతుండాలి. నరసయ్య కాళ్ళకు ఆ తిరుగుడు చేతకాదు. చద్దరు మగ్గం పోతే ఆయన పనీ పోయినట్టే. ఆ సంగతి దత్తాత్రికి తెలుసు, నరసయ్యకూ తెలుసు. అందుకే దత్తాత్రి చెప్పవలసిన మాటలు రాత్రంతా నేర్చుకుని, పొద్దున్నే మగ్గం పక్కన నిలబడ్డాడు.

“కాకా, ఈ భీము మీది పడుగు అయినంక జకార్డు తీసేద్దాం.”

నరసయ్య పిడి లాగి మగ్గం ఆపాడు. “ఏమైంది దత్తూ?”

“ఇంక సలి రాదంట కాకా. నా మాట కాదు, మన పాప చెప్పింది. ధ్రువం కాడ మంచంత కరుగుతుందంట.”

“పాప చెప్పిందా?”

“ఆమెనే.”

నరసయ్య కాసేపు మగ్గం మీది నెమలి వైపు చూశాడు. సగం నేసిన నెమలి, ఇంకా మెడ రాలేదు. “పాప చెప్తె మల్ల నిజమే ఉంటది,” అని పిడి తోశాడు. మగ్గం మళ్ళీ ఆడింది.

దత్తాత్రి నేర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. వాదిస్తాడనుకున్నాడు, బతిమాలుతాడనుకున్నాడు. కనీసం పడుగు తొందరగా అయిపోకుండా పని నెమ్మదిగా చేస్తాడనుకున్నాడు. అదీ లేదు. నరసయ్య ఎప్పటి వేగంతోనే నేశాడు. ఎప్పటిలాగే పొద్దున రాగానే మగ్గానికి నూనె పోశాడు. చినిగిన జకార్డు అట్ట ఒకటి విప్పి, దాని బదులు కొత్తది కన్నాలు పొడిచి కుట్టాడు.

“భంగార్ ఇనుముల కలిసిపొయ్యేదానికి కొత్త అట్ట ఎందుకు కుడుతుండంట?” అంది శారద.

అప్పటి నుంచి దత్తాత్రికి షెడ్డులో ఆ మూలకు పోవాలంటే మనసు ఒప్పేది కాదు. తప్పు చేస్తున్నానని ఆయనకు అనిపించలేదు. చదువుకున్న కూతురే చెప్పాక ఇందులో తన తప్పేముంది? అయినా అన్నం సయించడం లేదు. శారద రెండుసార్లు “ఏమయ్యా, నర్సయ్య కాక సంగతి...” అని మొదలుపెట్టింది. ఒకసారి కరెంటు వచ్చింది, ఇంకోసారి నూలు కండెలు అయిపోయాయి.

చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు దొరక్కపోతే ఇంకెవరికో చెబుతారు. శారద ఫోనులో ఆ మాటా ఈ మాటా మధ్య ఈ సంగతి కూతురి చెవిన వేసింది. శనివారం పొద్దున ఇంటి ముందు రిక్షా ఆగింది. ప్రతీక్ష దిగింది. చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

“బాపూ, నేను చెప్పిన్నని జకార్డు తీసేస్తున్నవంట?”

“అరె, వచ్చినవా బిడ్డా! ముంగల చాయ్ తాగు...”

“నేను సగమే చెప్పిన. కడమ సగం నువ్వు వినలే.”

“బర్, సరే చెప్పు, వింట,” అంటూ దత్తాత్రి షెడ్డులోకి నడిచాడు, రెండో మగ్గం మీద అటూ ఇటూ పోగు నడిపే నాడె ఇరుక్కున్న చప్పుడు విని. ప్రతీక్ష వెంట పోయింది. నాలుగు మగ్గాల మోతలో గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టింది. దత్తాత్రి పెదవుల కదలిక చూసి తల ఊపుతున్నాడు. మగ్గాల మధ్య పెరిగినవాళ్ళు మాటలు చెవితో వినరు, కళ్ళతో వింటారు. పోగు తెగిందనడానికి సైగ ఉంది, కండె అయిపోయిందనడానికి ఉంది, చాయ్ తెమ్మనడానికి ఉంది. ఉత్తర ధ్రువానికి మాత్రం సైగ లేదు. కొంతసేపటికి తండ్రి దేనికి తల ఊపుతున్నాడో ఆయనకే తెలియదని ప్రతీక్షకు అర్థమైంది.

“కరెంటు పోయినంక చెప్త,” అని బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది.

ఆ రోజు చద్దరు మగ్గం మీద పడుగు చివరికొచ్చింది. సాయంత్రానికి అయిపోతుంది. సాయంత్రమే సుమిత్ వస్తానన్నాడు. మామూలు రోజుల్లో పనికి అడ్డం పడుతూ పోయే కరెంటు ఆ రోజు కదలనంటే కదలనంది. మధ్యాహ్నం అన్నాలయ్యాయి. శారద గిన్నెలు కడుగుతూ వంటింటి బల్బు వైపు చూస్తోంది. ప్రతీక్ష కూర్చున్న చోటు నుంచి లేవలేదు. షెడ్డు గోడకున్న మెయిన్ స్విచ్ చేతికందే ఎత్తులోనే ఉంది. ఒకటి రెండుసార్లు దాని వైపు చూసింది కూడా. కానీ మగ్గాల ఇంట పుట్టిన పిల్ల, ఆడుతున్న మగ్గం తన చేత్తో ఆపలేకపోయింది. చివరికి దత్తాత్రికే కాలు నిలవలేదు. కరెంటు పోతే బాగుండునని తాను జీవితంలో మొదటిసారి అనుకున్నానని గ్రహించి తనలో తానే సిగ్గుపడ్డాడు.

ఎండ వాలుతుండగా సుమిత్ టెంపో తెచ్చి గుమ్మం ముందు నిలిపాడు. రెంచీల సంచి భుజాన వేసుకుని లోపలికొచ్చి, “దత్తాసేట్, ఘేఊ కా?” అన్నాడు, తీసుకోనా అని. దత్తాత్రి చేత్తో ఆగమని సైగ చేశాడు. మూల మగ్గం ఆగింది. నరసయ్య చివరి చద్దరు కోసి, మడతపెట్టి, దాని మీద ఒకసారి అరచెయ్యి ఆనించి పక్కన పెట్టాడు.

పడుగు అయిపోయినప్పుడు నేతగాడు దాని కొసలు వెంటనే తీసేయడు. జానెడు పోగులు మగ్గంలోనే వదిలేస్తాడు. కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే ఆ పాత కొసలకు ముడివేస్తే, పాతవి లాగుతూ కొత్తవాటిని తమ దారిలోనే తీసుకుపోతాయి. ఆ కొసలు కోసి లాగేస్తే దారి పోయినట్టే. వేల పోగులు మళ్ళీ ఒక్కొక్కటిగా మగ్గం లోపలి సన్నటి కన్నాల్లోంచి దూర్చాలి. పోయే మగ్గానికి అంత పని ఎవరూ పెట్టుకోరు. నరసయ్య కత్తెర చేతిలోకి తీసుకుని దత్తాత్రి వైపు చూశాడు.

“కొస కోయనా దత్తూ?”

దత్తాత్రి నోరు తెరిచాడు. అప్పుడు పోయింది కరెంటు.

మూడు మగ్గాలూ ఒక్కసారి నిలిచిపోయాయి. వీధి వీధంతా నిశ్శబ్దమైంది. ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది. దత్తాత్రి పోయి మూడు మగ్గాల పిడులూ లాగి పెట్టి వచ్చాడు. ప్రతీక్ష షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది.

“ఇప్పుడు చెప్పనా?”

“జల్ది చెప్పు బిడ్డా.”

“జల్ది చెప్పరాదు బాపు.” ఆమె తువ్వాళ్ళ మగ్గం దగ్గరికి పోయి, మోటారు నుంచి చక్రానికి పోయే తోలు పట్టా మీద వేలు పెట్టింది. “ఇది బిగుతుగ ఉంటె ఏమైతది?”

“సరిగ తిరుగుతది.”

“సడలితె?”

“ఊగుతది. అటిటు కొట్టుకుంటది. ఒక్కోసారి జారి పక్కకు పడతది.” ఇది తన చదువు కాబట్టి దత్తాత్రి హుషారుగా చెప్పాడు.

“మన నెత్తి మీద, మస్తు ఎత్తుల, ఉత్తరం దిక్కు భూమి చుట్టు గిట్లాంటి గాలి పట్టానే ఒకటి తిరుగుతుంటది. దానికి పైన ధ్రువం దిక్కు గడ్డకట్టె సలి, కింద మన దిక్కు వెచ్చదనం. ఆ రెంటికి ఎంత తేడా ఉంటె పట్టా అంత బిగుతు. బిగుతుగ ఉంటె సలిని పైననే ఆపుతది.”

దత్తాత్రి పట్టాను వేలితో నొక్కి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “మంచు పోయి పైన వేడెక్కితె తేడా తగ్గుతది.”

“ఆఁ.”

“తేడా తగ్గితె పట్టా సడలుతది. సడలితె ఊగుతది. ఊగితె పైన సలి...”

“కిందికి జారుతది. ఒకసారి అమెరికా దిక్కు, ఒకసారి రష్యా దిక్కు, చైనా దిక్కు. ఒక్కోసారి ఢిల్లీ దాక వచ్చే గాలుల మీద గూడ దాని ప్రభావం ఉండొచ్చు. ఢిల్లీ వణికితె ఆ గాలి మన దాక గూడ దిగుతది.”

దత్తాత్రికి హోటల్లో తాను ఖంగున మోగించిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. మరుక్షణం సుమిత్ వైపు తిరిగాడు. “అట్లయితె సలి ఎక్కువనే పడతది! సుమిత్, నువ్వు బండి తిప్పుకో. కాకా, తువ్వాళ్ళు బంద్. నాలుగు మగ్గాల మీద చద్దర్లే...”

“బాపూ!” ప్రతీక్ష గొంతు షెడ్డు రేకులకు తగిలింది. “మల్ల సగమే వింటున్నవ్!”

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే బల్బు వెలిగింది.

పక్కింటి మగ్గాలు అందుకున్నాయి. వీధంతా అందుకుంది. దత్తాత్రి పాదాలు వాటంతటవే తిరిగాయి, చెయ్యి దగ్గరి మగ్గం పిడి మీదకు పోయింది. ఆయన ఆ చేతిని చూసుకున్నాడు. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల ముఖంలో కోపం లేదు. అరుగు మీద ఖాళీ చాయ్ గ్లాసు పక్కన మిగిలిపోయిన రోజు ఎట్లా ఉందో అట్లా ఉంది, అలవాటు పడిన ముఖం. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు తనను అట్లా చూసి ఉంటుందో అనుకున్నాడు దత్తాత్రి. పిడి వదిలేసి, మగ్గం ముందున్న పీట మీద కూర్చున్నాడు.

“కరెంటొచ్చింది బాపు,” అంది ప్రతీక్ష.

“రానీ. నువ్వు చెప్పు.”

పక్క షెడ్ల మోత గోడల మీదుగా వస్తోంది. ప్రతీక్ష దగ్గరికొచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

“మంచు కరుగుడు ఖాయం. అది కొలిచిండ్రు. అక్కడ జల్ది వేడెక్కుడు ఖాయం. దానితోని పట్టా నిజంగ సడలుతుందా అన్నకాడ పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే కొట్లాడుతుండ్రు. కొందరు ఔనంటరు. కొందరు లెక్క కలుస్తలేదు, అది గాలి మామూలు ఆటనే కావొచ్చంటరు. మొత్తం మీద సలికాలాలు మెల్లగ వెచ్చగనే అయితున్నయి. నడుమల ఎప్పుడన్న గట్టి సలి పడొచ్చు. మన దేశం సలికి వేరే కారణాలు గూడ శాన ఉన్నయి.”

“అయితె ఈసారి పుష్యంల సలి పడతదా, పడదా? ఒక్క మాట చెప్పు.”

“నాకు తెల్వదు బాపు.” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఆ దినం నేను చెప్దామనుకున్నది గిదే. ఇంక తెల్వదని. తెలుసుకుందామనే చదువుతున్న.”

దత్తాత్రి బిడ్డ పేరు చెప్పి ఊరంతా చాటిన మాట ఆ బిడ్డ అసలు అననే లేదు. ఆ అనని మాట మీద గౌరవంతోనే నరసయ్య నోరెత్తకుండా తన మగ్గం వదులుకున్నాడు. మూలలో నరసయ్య కత్తెర పట్టుకుని ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాడు.

“తెల్వదని చెప్పనీకె పుణె నుంచి వచ్చినవా బిడ్డా?” అన్నాడు ఆయన.

“ఔ తాతా.”

నరసయ్య తల ఊపాడు. ఆయన ముఖంలో ఏదో సడలింది.

“పడదని తెలిస్తె తీసేద్దుము,” అన్నాడు దత్తాత్రి, ఒక్కొక్క మాటా తనకే చెప్పుకుంటున్నట్టు. “పడతదని తెలిస్తె అన్నిటి మీద గదే ఎక్కిద్దుము. తెల్వదంటె...” మూల మగ్గం వైపు చూశాడు. జకార్డు అట్టల దండలో నరసయ్య కుట్టిన కొత్త అట్ట ఒక్కటే తెల్లగా కనిపిస్తోంది. “తెల్వనప్పుడు మూడు తువ్వాళ్ళు, ఒక చద్దరు. ఎట్లున్నది అట్లనే. కొస కోయకు కాకా. అటక కింద చద్దరు భీమొకటి ఉన్నది, రేపటి సంది ముడులేద్దాం. నేను గూడ కూసుంట.”

నరసయ్య కత్తెర గూట్లో పెట్టాడు. దత్తాత్రి క్షమించు కాకా అనాలనుకున్నాడు. లేచి పోయి ఆ ముసలి భుజం పట్టుకుని నిలబడ్డాడు. సుమిత్ రెంచీల సంచి సర్దుకుంటూ, ఉత్తర ధ్రువం వల్ల తన బేరం పోయిందని ఇంట్లో చెబితే ఎవరూ నమ్మరని సణుగుతూ టెంపో ఎక్కాడు.

శారద చాయ్ పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. బల్బు వెలుగుతోంది. వీధంతా మగ్గాలు మోగుతున్నాయి. తన ఇంట్లో నాలుగూ నిలబడి ఉన్నాయి. మొగుడు కూతురి ముందు మళ్ళీ పీట మీద కూర్చుని, గాలి పట్టా ఎంత ఎత్తులో ఉంటుందని అడుగుతున్నాడు.

“మన మగ్గాలకు కరెంటు రాలేదా?” అంది అనుమానంగా.

“వచ్చి శాన సేపాయె అమ్మా,” అంది ప్రతీక్ష.

శారద గ్లాసులు అందించింది. కాసేపు నిలబడి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. “అట్లయితె నాది గూడ ఒక మాట ఉండె,” అంది. “ఈ పిల్ల కడుపుల ఉన్నప్పుడు మొదలుపెట్టిన. సగంల కరెంటొచ్చింది.”

దత్తాత్రి గ్లాసు కింద పెట్టాడు. “ఏంది? చెప్పు.”

శారద ఆలోచించింది. ఆమె ముఖం మీద నవ్వు వచ్చి, మెల్లగా పోయింది.

“ఇప్పుడు యాదికి లేదయ్యా.”

పక్క షెడ్డులో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. దత్తాత్రి పీట మీద కొంచెం పక్కకు జరిగి, ఆమెకు చోటు చూపించాడు.

“యాదికొచ్చేదాక కూసుంట,” అన్నాడు.